మా అమ్మాయి కాలేజీలో సరిగ్గా తినడం లేదు, ఫుడ్ స్టాంప్స్‌కి అప్లై చేయొచ్చా?

ప్రశ్న: నమస్తే అండీ. మేం డాలస్ పక్కన ఉంటాం. మా వారి ఉద్యోగం పోయి ఏడాది దాటింది, అన్‌ఎంప్లాయ్‌మెంట్ డబ్బులు కూడా ఆగిపోయాయి. నేను డేకేర్‌లో చేస్తాను, నెలకు 2,200 డాలర్లు వస్తాయి. బాబు ఏడో తరగతి. అమ్మాయికి 20 ఏళ్లు, ఇక్కడే పుట్టింది. నాలుగు గంటల దూరంలో ఒక స్టేట్ యూనివర్సిటీలో చదువుతోంది. మరో ముగ్గురు ఆడపిల్లలతో కలిసి అపార్ట్‌మెంట్‌లో ఉంటుంది, వాళ్లలో ఇద్దరు ఇండియా నుంచి చదువుకోవడానికి వచ్చినవాళ్లు. అద్దె మేమే అపార్ట్‌మెంట్ వాళ్లకు ఆన్‌లైన్‌లో కడుతున్నాం. తిండి ఖర్చు తనే చూసుకుంటోంది, లైబ్రరీలో వారానికి 12 గంటలు పనిచేస్తుంది. మొన్న చూడ్డానికి వెళ్తే పిల్ల సగమైపోయింది. అడిగితే డైటింగ్ అంటుంది. ఆగస్టులో ఇచ్చిన పెద్ద ఆవకాయ సీసా రెండు నెలలకే ఖాళీ అయింది, ఫ్రిజ్‌లో తన అరలో ఇంకేం లేదు. ఫుడ్ స్టాంప్స్ గురించి ఫోన్ చేసి అడిగితే కాలేజీ స్టూడెంట్స్‌కి ఇవ్వరన్నారట. గుడిలో తెలిసినావిడ, అవి తీసుకుంటే సిటిజన్‌షిప్ ఆగిపోతుందంది. మాకు కంపెనీ ద్వారా గ్రీన్ కార్డులొచ్చి ఏడేళ్లయింది, మా వారి సిటిజన్‌షిప్ అప్లికేషన్ పెండింగ్‌లో ఉంది. ఆయనైతే అసలు ఆ మాటే ఎత్తొద్దంటున్నారు. ఏం చేయమంటారు?

సమాధానం:

అమ్మా, మీ ఉత్తరంలో ఆ ఆవకాయ సీసా దగ్గరే ఆగిపోయాను. రెండు నెలల్లో అంత పచ్చడి అయిపోయిందంటే ఆ పిల్ల అన్నంలోకి అదొక్కటే కలుపుకుంటోందని అర్థం. పప్పు లేదు, కూర లేదు, చాలా రోజులు పెరుగు కూడా ఉండి ఉండదు. నేను వరంగల్‌లో చదువుకునే రోజుల్లో మెస్ బిల్లు కట్టలేని నెలలుండేవి, అప్పుడు రెండు పూటలా పచ్చడి మెతుకులే, ఇంటికి ఫోన్ చేస్తే మాత్రం బాగా తింటున్నా అమ్మా అనేదాన్ని. మీ అమ్మాయి డైటింగ్ అన్న మాట కూడా ఆ మాటలాంటిదే. మీ దగ్గర డబ్బు లేదని ఆమెకు తెలుసు, అందుకే అడగడం లేదు.

అప్లై చేయించండి. ఇంకో నెల చూద్దాం అనుకోకండి, ఎందుకంటే మంజూరైతే డబ్బు లెక్కేసేది అప్లికేషన్ అందిన రోజు నుంచే, ఆలస్యం చేసిన రోజులవి తిరిగి రావు.

ఫోన్లో మీ అమ్మాయికి చెప్పింది సగం మాటే. ఫుడ్ స్టాంప్స్, అంటే ఆదాయం తక్కువున్నవాళ్లకు తిండి సరుకుల కోసం ప్రభుత్వం ఇచ్చే సాయం, ఇప్పుడు స్నాప్ అంటున్నది, కాలేజీ పిల్లలకు మామూలుగా ఇవ్వరు అన్నంతవరకు నిజమే. 18 నుంచి 49 ఏళ్ల మధ్య ఉండి కనీసం హాఫ్ టైమ్ చదివేవాళ్లకు ఈ అడ్డు ఉంది. తల్లిదండ్రులకు డబ్బున్న పిల్లలు కూడా వాడేసుకుంటున్నారన్న అభ్యంతరంతో 1980లో చట్టం మార్చి ఇలా బిగించారు. ఆ తర్వాత చదువు ఖర్చు ఎన్ని రెట్లు పెరిగిందో, ఎలాంటి ఇళ్ల నుంచి పిల్లలు కాలేజీకి వస్తున్నారో మీకు నేను చెప్పక్కర్లేదు, రూల్ మాత్రం అక్కడే ఉంది. కానీ అదే రూల్లో మినహాయింపులున్నాయి, ఫోన్లో వాళ్లు చెప్పని రెండో సగం అదే. వారానికి 20 గంటలు జీతానికి పనిచేస్తుంటే ఇస్తారు. ఫెడరల్ లేదా స్టేట్ వర్క్ స్టడీలో (చదువు సాయంలో భాగంగా ప్రభుత్వ డబ్బుతో ఇచ్చే పార్ట్ టైమ్ పని) ఉంటే, గంటలతో సంబంధం లేకుండా ఇస్తారు. ఆరేళ్ల లోపు బిడ్డను చూసుకుంటున్న తల్లికో తండ్రికో, పనిచేయలేని ఆరోగ్య సమస్య ఉన్నవాళ్లకూ ఇస్తారు, ఇంకా కొన్ని ఉన్నాయి కానీ మీ అమ్మాయికి పనికొచ్చేవి మొదటి రెండే.

నాకున్న పెద్ద అనుమానం ఆ లైబ్రరీ ఉద్యోగం మీదే. అది మామూలు క్యాంపస్ ఉద్యోగమా, వర్క్ స్టడీనా? చాలామంది పిల్లలకు తేడా తెలియదు, ఎందుకంటే కూర్చునే కుర్చీ అదే, జీతం పడే బ్యాంకు ఖాతా అదే. తేడా కనిపించేది ఫైనాన్షియల్ ఎయిడ్ వాళ్లు ఏడాదికోసారి ఇచ్చే అవార్డు లెటర్‌లో. పెల్ గ్రాంట్ (తిరిగి కట్టక్కర్లేని ఫెడరల్ సాయం), లోన్లు రాసిన ఆ పేజీలోనే ఎక్కడో ఫెడరల్ వర్క్ స్టడీ అని ఒక లైన్, పక్కన ఒక అంకె ఉంటుంది. ఆ లైను ఉండి, ఈ సెమిస్టర్‌కి మంజూరై, ఆమె నిజంగా ఆ పని చేస్తుంటే లేదా చేయబోతుంటే చాలు, 12 గంటలైనా స్టూడెంట్ రూల్ అడ్డం రాదు. కాబట్టి ముందు ఆ లెటర్ తీయించండి. లైను లేకపోతే ఫైనాన్షియల్ ఎయిడ్ ఆఫీసుకు నేరుగా వెళ్లి మూడు ప్రశ్నలు అడగమనండి: నాకు వర్క్ స్టడీ అర్హత ఉందా, ఈ సెమిస్టర్‌కి డబ్బు మిగిలుందా, నేను ఇప్పుడు చేస్తున్న ఉద్యోగాన్నే వర్క్ స్టడీ కిందికి మార్చగలరా? ఫాఫ్సా, అంటే కాలేజీ ఆర్థిక సాయానికి పెట్టే ఫెడరల్ ఫారం, నింపి ఉండాలి. మీ వారి ఉద్యోగం పోయిన సంగతి వాళ్లకు తెలియకపోతే అది కూడా కాగితాలతో సహా చెప్పమనండి, ఎందుకంటే ఫాఫ్సాలో ఉండేది పాత సంవత్సరం ఆదాయం. పరిస్థితి మారిందని చూపిస్తే మళ్లీ లెక్కేసే అధికారం ఆ ఆఫీసుకు ఉంది.

దీనికోసం ఇంతగా చెప్పడానికి కారణం డబ్బు లెక్కలో ఉంది. 2025 అక్టోబర్ నుంచి 2026 సెప్టెంబర్ వరకు ఒక్క మనిషికి నెలకు ఎక్కువలో ఎక్కువ 298 డాలర్లు ఇస్తారు. వర్క్ స్టడీ జీతాన్ని స్నాప్ లెక్కలో ఆదాయంగా చూడరు, పెల్ గ్రాంట్‌నీ చూడరు. మీరు అపార్ట్‌మెంట్ వాళ్లకు నేరుగా కడుతున్న అద్దెను కూడా ఆమె ఆదాయంగా రాయరు (అదే డబ్బు ఆమె ఖాతాలో వేస్తే రాస్తారు, కాబట్టి ఇప్పుడు కడుతున్నట్టే కట్టండి). అంటే ఆమెది వర్క్ స్టడీ అయితే ఆదాయం సున్నా కింద లెక్క, మొత్తం 298 రావచ్చు. అదే మామూలు ఉద్యోగమై, గంటకు 12 డాలర్ల చొప్పున 20 గంటలు చేసిందనుకోండి, నెలకు సుమారు 1,040 వస్తుంది, అందులో 20 శాతం తీసేసి, ఇంకో 209 మినహాయించి, మిగిలినదాంట్లో 30 శాతాన్ని 298లోంచి కోస్తారు. చివరికి చేతికొచ్చేది సుమారు 110 డాలర్లు. ఎక్కువ గంటలు చేసి తక్కువ తెచ్చుకోవడం అన్నమాట. అందుకే ఇంకో 8 గంటలు పెంచుకోమని నేను మొదటి మాటగా చెప్పను. వర్క్ స్టడీ ఎలాగూ కుదరదని తేలితే అప్పుడు ఆలోచించండి, అది కూడా మార్కులు చూసుకుని. అలా చేస్తే పే స్లిప్పులన్నీ దాచిపెట్టమనండి, పరీక్షల వారంలో గంటలు తగ్గితే సగటు చూపించడానికి పనికొస్తాయి.

ఇంకోటి. ఈఎఫ్‌సీ (చదువుకు ఇంటివాళ్లు ఎంత పెట్టగలరో ఫాఫ్సాను బట్టి వేసిన లెక్క) సున్నా ఉంటే చాలు స్నాప్ వచ్చేస్తుందని నెట్‌లో ఇంకా పాత వ్యాసాలు తిరుగుతున్నాయి. అది కోవిడ్ సమయంలో 2021లో ఇచ్చిన తాత్కాలిక సడలింపు, 2023 వేసవిలో తీసేశారు. దాన్ని నమ్ముకోవద్దు.

ఇప్పుడు ఆ అపార్ట్‌మెంట్ సంగతి, ఎందుకంటే మన పిల్లలు తెలియకుండా చిక్కుకునేది ఇక్కడే. స్నాప్‌లో కుటుంబం అంటే రక్తసంబంధం ఒక్కటే కాదు, ఒకే ఇంట్లో ఉండి, కలిసి సరుకులు కొని, కలిసి వండుకుని తినేవాళ్లు ఒక కుటుంబం. మన తెలుగు పిల్లలు ఎలా ఉంటారో మీకు తెలుసు, సోమవారం ఒకమ్మాయి పప్పు, మంగళవారం ఇంకొకమ్మాయి టమాటా కూర, బియ్యం బస్తా నలుగురి మీదా, ఎవరి వాటా ఎంతో లెక్క స్ప్లిట్‌వైజ్ యాప్‌లో. అప్లికేషన్లో 'మీరు, రూమ్మేట్లు కలిసి కొని వండుకుంటారా' అని అడుగుతారు. అవునంటే నలుగురి వివరాలూ అడుగుతారు, వాళ్ల ఆదాయం సంగతీ వస్తుంది. మీ అమ్మాయిది ఫ్రిజ్‌లో వేరే అర అని మీరే రాశారు, తిండి ఖర్చు తనదే అన్నారు, కాబట్టి వేరుగానే కొని వండుకుంటూ ఉండొచ్చు. అదే నిజమైతే అదే చెప్పాలి. కలిసి వండుకుంటుంటే ముందు విడదీసుకోవాలి, చిన్న రైస్ కుక్కర్ ఒకటి, ఒక గిన్నె, తన బిల్లు తనది. పేరుకి వేరు అని రాసి కలిసి తినడం మాత్రం వద్దమ్మా, అబద్ధం బయటపడితే తీసుకున్న డబ్బు వెనక్కి కట్టాలి, అనర్హత కూడా వేస్తారు. స్నేహితులతో కలిసి వండుకోవడం మానుకోమని ఒక పిల్లకు చెప్పాల్సి రావడం నాకూ బాధగానే ఉంది, కానీ రూల్ అదే.

ఆమె మీకు దూరంగా ఉంటోంది కాబట్టి ఒక్కత్తే ఒక కుటుంబం కింద లెక్క. మీ ట్యాక్స్ రిటర్న్‌లో డిపెండెంట్‌గా చూపిస్తున్నా దీనికి సంబంధం లేదు. కానీ 22 ఏళ్లు నిండేలోపు వేసవికి వచ్చి మీ ఇంట్లోనే ఉండిపోతే మీతో కలిపి లెక్కేస్తారు, అలా జరిగితే ఆఫీసుకు చెప్పాలి. డార్మ్‌లోకి మారి, సగానికి పైగా భోజనాలు కాలేజీ మీల్ ప్లాన్‌లోనే తింటే స్నాప్ రాదు, అది కూడా గుర్తుంచుకోమనండి.

ఆ ఇద్దరు ఇండియా అమ్మాయిల గురించి మీరు అడగలేదు, నేనే చెప్తున్నాను. ఎఫ్-1 స్టూడెంట్ వీసా మీద ఉన్నవాళ్లకు స్నాప్ లేదు, వాళ్లు అప్లై చేయకూడదు. మీ అమ్మాయి కార్డు మీద వాళ్లకు సరుకులు కొనిపెట్టడం కూడా కుదరదు. కానీ క్యాంపస్ ఫుడ్ ప్యాంట్రీకి, అంటే విద్యార్థులకు సరుకులు ఉచితంగా ఇచ్చే చోటికి, వాళ్లూ వెళ్లొచ్చు, మామూలుగా అక్కడ స్టూడెంట్ ఐడీ చూస్తారు తప్ప వీసా అడగరు. మిషిగన్ స్టేట్ యూనివర్సిటీలో విద్యార్థులే 1993లో ఇలాంటిది మొదలుపెట్టారు, ఇవాళ దేశమంతటా వందల కాలేజీల్లో ఉన్నాయి. నేను ఒకదాంట్లో శనివారాలు పనిచేశాను. ఒకసారి గుంటూరు అబ్బాయి ఒకడొచ్చి, కందిపప్పు ప్యాకెట్ చేత్తో పట్టుకుని, 'ఇది నిజంగా ఫ్రీనా ఆంటీ' అని మూడుసార్లు అడిగాడు. అవునని చెప్పాక కూడా బిల్లు కౌంటర్ ఎక్కడుందో వెతుక్కుంటున్నాడు. ఆ అబ్బాయి మొహం నేను మర్చిపోలేదు. స్నాప్ వచ్చేదాకా మీ అమ్మాయిని కూడా ఈ వారమే అక్కడికి వెళ్లమనండి, నలుగురూ కలిసి వెళ్తే మొహమాటం ఉండదు.

సిటిజన్‌షిప్ మాటకొస్తే, గుడిలో ఆవిడ చెప్పింది తప్పు. మీ అమ్మాయి పుట్టుకతో సిటిజన్, ఆమె తనకు హక్కున్నది తను తీసుకుంటోంది. మీ వారిది నాచురలైజేషన్ అప్లికేషన్, అందులో పబ్లిక్ చార్జ్ పరీక్షే (ప్రభుత్వ సాయం మీద ఆధారపడతారా అని చూడడం) లేదు, అది ప్రధానంగా వీసా, గ్రీన్ కార్డు అడిగేటప్పుడు చూసేది, మీకు ఆ గండం ఏడేళ్ల కిందే దాటిపోయింది. నిజం చెప్పి తీసుకున్న స్నాప్ సిటిజన్‌షిప్‌కు అడ్డం రాదు. అబద్ధం చెప్పి తీసుకుంటే వస్తుంది, అంతే.

అందుకే మీ ఇంటి గురించి కూడా చెప్తాను. మీరు అమ్మాయి గురించే రాశారు, మీ గురించి ఒక్క ముక్క అడగలేదు. మీరు, మీ వారు, బాబు ముగ్గురు. ముగ్గురికి ఫెడరల్ ఆదాయ పరిమితి నెలకు 2,888 డాలర్లు, టెక్సస్‌లో ఇంకొంచెం ఎక్కువే. మీకు వచ్చేది 2,200. గ్రీన్ కార్డు వచ్చి ఐదేళ్లు దాటింది. బ్యాంకులో 5,000 డాలర్లకు మించి లేకపోతే, కార్ల విలువ కూడా కొంత చూస్తారు, మీకూ రావడానికి మంచి అవకాశం ఉంది. ముగ్గురికి ఎక్కువలో ఎక్కువ 785, మీ అద్దె, కరెంటు బిల్లులను బట్టి అందులో కొంత వస్తుంది. స్నాప్ వస్తే బాబుకు స్కూల్లో భోజనం ఉచితం, దానికి వేరే పరీక్ష ఉండదు. మీ ఇల్లు కాస్త నిలబడితే అమ్మాయి మీ దగ్గర దాచుకోవాల్సిన మాటలు కొన్ని తగ్గుతాయి.

మీ వారితో ఏం మాట్లాడాలని మీరు అడగలేదు కానీ, అసలు అడ్డం అక్కడే ఉందనిపిస్తోంది. ఆయన బాధ నాకు అర్థమవుతుంది. ఇన్నేళ్లు సంపాదించి ఇల్లు నడిపిన మనిషి. ఆయన్ని ఒక్క మాట అడగండి: మన ఊళ్లో రేషన్ బియ్యం తిన్న ఇళ్లను ఆయన ఏనాడైనా చిన్నచూపు చూశారా? 1983లో కిలో 2 రూపాయల బియ్యం వచ్చినప్పుడు ఎన్ని ఇళ్లలో రాత్రి కూడా పొయ్యి వెలిగిందో మా ఊళ్లో నేను చూశాను. సంక్షేమ హాస్టళ్లలో తిని చదువుకుని ఈ దేశం వచ్చినవాళ్లు మనలో ఎంతమంది లేరు! ఇక్కడ ఆయన ఇన్నేళ్లు జీతంలోంచి టాక్స్ కట్టారు, ఈ పథకం నడిచేది ఆ డబ్బుతోనే. 2024లో ప్రభుత్వ ఆడిట్ సంస్థ గవర్నమెంట్ అకౌంటబిలిటీ ఆఫీస్ ఇచ్చిన నివేదికలో, 2020 నాటి లెక్కల ప్రకారం, తిండికి ఇబ్బంది పడుతూ, అర్హత ఉండే అవకాశమున్న కాలేజీ విద్యార్థుల్లో 59 శాతం మంది స్నాప్ తీసుకోవడం లేదని తేలింది. కొందరికి తెలియక, కొందరికి సిగ్గేసి, కొందరు మీ అమ్మాయిలాగే ఫోన్లో సగం మాట విని ఆగిపోయి ఉంటారు.

అప్లికేషన్ టెక్సస్‌లో యువర్ టెక్సస్ బెనిఫిట్స్ వెబ్‌సైట్లో పెట్టొచ్చు, 211కి ఫోన్ చేసి సాయం అడగొచ్చు. కాగితాలన్నీ చేతిలో లేవని ఆగొద్దు, పేరు, అడ్రస్, సంతకం ఉంటే చాలు తేదీ పడిపోతుంది, మిగతావి తర్వాత ఇవ్వొచ్చు. ఐడీ, సోషల్ సెక్యూరిటీ నంబరు, కాలేజీలో చదువుతున్నట్టు కాగితం, పే స్లిప్పులు, అవార్డు లెటర్, లీజు సిద్ధం చేసుకోమనండి. ఇంటర్వ్యూ ఫోన్లోనే ఉంటుంది, ఇక్కడే చాలామంది పిల్లలకు పోతుంది, తెలియని నంబరు అని ఎత్తరు! ఆ రెండు మూడు వారాలు ఏ నంబరైనా ఎత్తమని గట్టిగా చెప్పండి. మామూలుగా 30 రోజుల్లో తేలుస్తారు. నెల ఆదాయం 150 డాలర్ల లోపు, చేతిలో, బ్యాంకులో కలిపి 100 లోపు ఉంటే 7 రోజుల్లో ఇవ్వాలి, ఆమె పరిస్థితి అదే అయితే అప్లికేషన్లో ఆ ప్రశ్నలకు జాగ్రత్తగా జవాబు రాయమనండి.

వచ్చేది లోన్ స్టార్ కార్డు, డెబిట్ కార్డులాగే గీకి పిన్ కొట్టడమే, వెనక నిలబడ్డవాళ్లకు అదేంటో తెలియను కూడా తెలియదు. బియ్యం, పప్పులు, పాలు, పెరుగు, గుడ్లు, కూరగాయలు, మసాలాలు అన్నీ కొనొచ్చు. ఇండియన్ స్టోర్లలో కూడా ఈ కార్డులు తీసుకుంటామనే ఈబీటీ బోర్డు ఉంటే పనిచేస్తుంది. వేడివేడి సమోసా, బిర్యానీ లాంటివి, సబ్బులు, విటమిన్ మాత్రలు కుదరవు. తోటకూర విత్తనాలు, పుదీనా మొక్క కొనుక్కోవచ్చు, ఇది చాలామందికి తెలియదు. పిన్ ఎవరికీ చెప్పొద్దనండి, అప్పుడప్పుడు మారుస్తూ ఉండమనండి, ఎందుకంటే ఈ కార్డుల నుంచి డబ్బు కొట్టేసే దొంగలున్నారు, పోయినదాన్ని ఫెడరల్ డబ్బుతో తిరిగిచ్చే ఏర్పాటు 2024 డిసెంబర్‌తో ఆగిపోయింది.

ఇవాళ రాత్రి అమ్మాయికి ఫోన్ చేసినప్పుడు తిన్నావా అని అడక్కండి, తిన్నాననే అంటుంది. ఏం వండుకున్నావ్ అని అడగండి. తర్వాత ఆ అవార్డు లెటర్ ఫోటో తీసి పంపమనండి. అప్లికేషన్ తిరస్కరిస్తే కారణం రాసి ఉత్తరం పంపుతారు, ఆ తేదీ నుంచి 90 రోజుల్లోపు ఫెయిర్ హియరింగ్, అంటే అప్పీలు మీద విచారణ, అడగొచ్చు. స్టూడెంట్ కాబట్టి ఇవ్వం అని మాత్రమే రాసి, అవార్డు లెటర్‌లో వర్క్ స్టడీ లైను ఉంటే, ఆ రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి హియరింగ్ అడగండి, నాకూ రాయండి.